మొదటి గుక్క

పక్షవాతం వస్తే ఒక చెయ్యీ ఒక కాలూ పడిపోతాయని అందరికీ తెలుసు. ఆయనకు వాటితో పాటు మాట పోయింది, మింగుడు పోయింది, నాలుక మీది రుచి కూడా పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఒక వైన్ కంపెనీలో రుచి చూడటమే ఉద్యోగంగా బతికిన మనిషి దగ్గర్నుంచి దేవుడు ఏరి ఏరి ఆ మూడే తీసుకున్నాడంటే, ఎవరో గిట్టనివాళ్ళు వెళ్ళి ఆ దేవుడి చెవిలో ఊది ఉండాలి.

ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. రోజుకు ఆరుసార్లు కూతురు ఆ గొట్టంలోకి సిరంజితో పల్చటి పిండిద్రవం ఎక్కిస్తుంది. ఇంతకుముందు వీధి మలుపులో ఎవరింట్లో ఏం మాడిందో చెప్పగలిగిన ఆ ముక్కుకు ఇప్పుడు ప్లాస్టిక్ వాసన తప్ప మరొకటి అందదు. ఇంటికి వచ్చే నర్సు ఒకసారి నిమ్మరసంలో ముంచిన దూది నాలుకకు రాసి, "పుల్లగా ఉందా తాతగారూ?" అని చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. ఆయన ఆమెకేసి ఒక్క క్షణం చూసి, తల అడ్డంగా ఊపి, గోడవైపు తిరిగాడు. ఆ రోజు కూతురు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

ఆమె కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. పొద్దున్నించీ సాయంత్రం దాకా వచ్చినవాళ్ళ కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి, "మొదటిది బాగుందా, రెండోదా?" అని అడగటమే ఆమె పని. ఆ పనే ఇంట్లోనూ అక్కరకొచ్చింది. ఎడమచేతి చూపుడు వేలు ఒక్కటే లేపితే అవును, రెండు వేళ్ళు లేపితే కాదు. మూడు నెలలుగా తండ్రీకూతుళ్ళ సంసారమంతా ఆ రెండు వేళ్ళ మీదే నడుస్తోంది.

డాక్టరు ఓ సోమవారం నాడు వచ్చి చూసి, గుమ్మం దగ్గర ఆగి, "ఇంకోసారి వస్తే మాత్రం కష్టమమ్మా" అన్నాడు. మెల్లగానే అన్నాననుకున్నాడు. రోగికి పోయింది మాట గానీ చెవులు కావని డాక్టర్లకు ఎవరు చెప్తారు? ఆమె తిరిగి వచ్చేసరికి నాన్న ఎడమచెయ్యి మంచం కిందికి చూపిస్తోంది.

మంచం కింద ఆ సీసా ఉంది.

ఆ సీసా సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆయన కంపెనీ చేసేది పోర్ట్ అనే తియ్యటి వైన్. అందులో ఏటా తయారయ్యేదంతా మామూలుగా పీపాల్లో ఒకదానితో ఒకటి కలిసిపోతుంది. పదేళ్ళలో ఏ రెండు మూడుసార్లో పంట అద్భుతంగా పండితే, ఆ ఏటి సరుకును విడిగా సీసాల్లో పోసి సీసా మీద సంవత్సరం వేస్తారు. అలాంటి సీసా ముప్పై ఏళ్ళు చీకట్లో పడుకుంటే గానీ దాని అసలు గుణం తెలియదు. కానీ సంవత్సరం వెయ్యాలా వద్దా అన్నది మాత్రం అది రెండేళ్ళ పసిదిగా ఉన్నప్పుడే తేల్చాలి. ఉయ్యాలలో పిల్లను చూసి, ఈ పిల్ల ముసలితనంలో ఎలా ఉంటుందో చెప్పడం లాంటి పని. ఆ పని చేసేవాళ్ళు కంపెనీలో నలుగురు. అందులో ఈయన ఒకడు.

ఆ గదిలో మాట్లాడటానికి వీల్లేదు. రోజుకు ఎనభై నమూనాలు చూసే మనుషులు అన్నీ మింగితే మధ్యాహ్నానికి నేల మీద దొర్లుతారు కనుక, ప్రతి గుక్కా నోట్లో తిప్పి తొట్టిలో ఉమ్మేస్తారు. సంవత్సరం తేల్చే రోజున మాత్రం వేరే ఆచారం. వెయ్యాలనుకున్నవాడు మింగుతాడు, వద్దనుకున్నవాడు ఉమ్ముతాడు. నోటితో ఒక్క మాట అనక్కర్లేదు. అదీ మొదటి గుక్కే లెక్క. రెండో గుక్క నాటికి బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టి నాలుకను పాడుచేస్తుందని వాళ్ళ నమ్మకం. నలుగురూ మింగితేనే సంవత్సరం పడేది.

ముప్పై నాలుగేళ్ళ కిందట ఒక సంవత్సరాన్ని ముగ్గురు మింగారు. నాలుగోవాడు ఉమ్మాడు.

ఆ నాలుగోవాడు ఈయనకు ప్రాణస్నేహితుడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకళ్ళనొకళ్ళు "బావా" అనుకునేవాళ్ళు. ప్రతి ఆదివారం ఇంటికి వచ్చేవాడు. ఈయన భార్య కాఫీ ఇచ్చినా, కేకు ముక్క ఇచ్చినా, కాస్త ఆగి, "అంతా బాగుంది గానీ చెల్లెమ్మా, చివర్లో రవ్వంత చేదు తగిలింది" అనేవాడు. అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్న కూతురు అతనికి చేదుమావయ్య అని పేరు పెట్టింది. ఆ పేరు కంపెనీ దాకా పాకింది. జన్మలో దేన్నీ బాగుందని మెచ్చుకోని మనిషి కాబట్టే, అతను మింగాడంటే దానికి తిరుగుండేది కాదు.

ఉమ్మిన మర్నాడు ఆ పీపాలన్నీ మామూలు సరుకులో కలిపేశారు. కలిపే ముందు ఈయన మేనేజరును బతిమాలి ఒకే ఒక్క సీసా నింపుకున్నాడు. "ముప్పై ఏళ్ళాగి చూడండి, నేనేం చెప్పానో అప్పుడు తెలుస్తుంది" అని గదిలో అందరి ముందూ అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. చేదుమావయ్య లేచి వెళ్ళిపోయాడు. ఆదివారాలు ఆగిపోయాయి. అమ్మ పోయిన రోజున మాత్రం వచ్చి, గుమ్మం బయటే కాసేపు నిలబడి, ఎవరూ పలకరించకముందే వెళ్ళిపోయాడు.

సీసాను ఆయన పెంచినంత శ్రద్ధగా కూతుర్ని పెంచలేదు. ఆ మాట ఆయనే ఒప్పుకునేవాడు. అడ్డంగా పడుకోబెట్టి, పైకి ఉన్న వైపు సున్నంతో ఒక తెల్లగీత గీశాడు. ఏళ్ళ తరబడి మడ్డి ఒకే పక్కకు చేరాలట, గీత ఎప్పుడూ పైకే ఉండాలట. మూడుసార్లు ఇల్లు మారారు. మూడుసార్లూ కూతుర్ని వెనక సీట్లో గిన్నెలూ పరుపుల మధ్య కుక్కి, సీసాను మాత్రం గీత పైకి వచ్చేలా ఒళ్ళో పడుకోబెట్టుకుని, "మెల్లిగా పోనియ్ బాబూ, మెల్లిగా" అంటూ డ్రైవరు ప్రాణాలు తీశాడు.

ఇప్పుడు ఆ చెయ్యి మంచం కిందికి చూపిస్తోంది.

"సీసా తియ్యమంటావా నాన్నా?"

ఒక వేలు.

"రుచి ఎవరు చూస్తారు? నేను చూడనా?"

మూడు నెలల్లో మొదటిసారి ఆయన నవ్వాడు. సగం మొహమే నవ్వింది గానీ, అందులో వెటకారం మాత్రం పూర్తిగానే ఉంది. రెండు వేళ్ళు లేచాయి.

"నీ గదిలోవాళ్ళు ఇద్దరు పోయారు కదా. ఇక మిగిలింది..." ఆమె ఆగింది. "చేదుమావయ్యా?"

ఆయన చాలాసేపు ఇంటికప్పు వంక చూశాడు. తర్వాత వేలు లేచింది. ఒక్కటే.

*

చేదుమావయ్య నాలుగో అంతస్తులో ఒక్కడే ఉంటున్నాడు. ఎనభై దాటాయి. ఆమె వెళ్ళేసరికి విరిగిపోయిన గొడుగు పుల్లకు తీగ చుడుతూ కూర్చున్నాడు. ఆమెను గుర్తుపట్టడానికి అతనికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"నన్ను రమ్మన్నాడా? వాడు? మాట పోయిందని విన్నానే?"

"వేలు చూపించాడు మావయ్యా."

"ఏ వేలు?"

"చూపుడు వేలే."

"నయం" అని గొడుగు పక్కన పెట్టాడు. "సీసా సంగతేనా?"

ఆమె తలూపింది. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడ చెయ్యడానికి ఏమీ లేక వెనక్కి వచ్చాడు.

"చూడు తల్లీ. అది బాగుందనుకో, ముప్పై నాలుగేళ్ళుగా నేనొట్టి వెధవనని తేలిపోతుంది. దానికి నేను సిద్ధమే. బాగాలేదనుకో, పోయేముందు వాడి నోట్లో మట్టి కొట్టినవాణ్ణవుతాను. దానికి సిద్ధంగా లేను."

"ఎలా ఉన్నా మింగెయ్ మావయ్యా" అందామె. దారి పొడుగునా ఆ మాట ఎలా అడగాలా అని అనుకుంటూ వచ్చింది. తీరా నోట్లోంచి అది సిగ్గూ ఎగ్గూ లేకుండా ఊడిపడింది. "నాన్నకి నీ గొంతు చూస్తే చాలు. నువ్వు మింగితే నమ్ముతాడు. ఇంకెవరు చెప్పినా నమ్మడు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఛ, ఊరుకో. కాళ్ళేంటి, నీ మొహం." అతను గొడుగు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మింగుతాను. పురుగుల మందులా ఉన్నా మింగుతాను. ఈ వయసులో ఇంక నాకు పరువేంటి, తీర్పేంటి? సీసా ఇవాళే నిలబెట్టు. రెండ్రోజులు కదపకు, మడ్డి అడుక్కి దిగాలి. శనివారం మధ్యాహ్నం వస్తా."

మెట్లు దిగుతుంటే ఆమెకు గుండె తేలికైంది. పెళ్ళి కుదిర్చినంత సంబరంగా బస్సెక్కింది.

*

శనివారం చేదుమావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మంచం దగ్గర నిలబడి, "ఏం బావా" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళ తర్వాత అన్న మొదటి మాట అదే. నాన్న ఎడమచెయ్యి దుప్పటి మీద కొద్దిగా లేచి పడింది. ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు సరిగ్గా చూసుకోలేదు. అక్కడ కూతురు లేకపోతే బహుశా ఇద్దరూ ఏడ్చేవాళ్ళేమో. ఆమె ఉంది కాబట్టి, చేదుమావయ్య గట్టిగా దగ్గి, "సీసా ఏదీ?" అన్నాడు.

ఆమె మంచం తల వైపు ఎత్తు పెంచింది, ఆయనకు అంతా కనిపించేలా. బిరడా ముట్టుకోగానే పొడి పొడిగా రాలింది. చేదుమావయ్య సీసా అందుకోబోయి మానేశాడు. "నా వల్ల కాదు, నువ్వు పొయ్యి" అని పక్కకు జరిగాడు. ఆమె గాజు జగ్గు మీద ఉతికిన పల్చటి గుడ్డ కట్టి, దుకాణంలో కళ్ళలోకి వేసి చూసే చిన్న టార్చిని సీసా మెడ వెనక నిలబెట్టింది. ఆ వెలుతుర్లో మెడలోంచి జారే వైన్ పల్చటి గోమేధికం రంగులో మెరిసింది.

"ఆపకు... ధార తెగనియ్యకు... అలాగే... అదిగో మడ్డి వస్తోంది. ఆపు!"

సీసా అడుగున రెండు వేళ్ళ మందాన నల్లటి బురద మిగిలింది. జగ్గులో ఉన్నది మాత్రం తేటగా ఉంది. గదంతా ఏదో వాసన నిండింది. ఎండిన పండ్లదా, పాత చెక్కదా, ఆమెకు తెలియలేదు. నాన్న వైపు చూస్తే, ఆయన ముక్కుపుటాలు గొట్టం పక్కన వెడల్పవుతున్నాయి. ఎంత పీల్చినా ఏమీ అందటం లేదని మొహమే చెప్తోంది. ఆమె ఆ మొహం చూడలేక గ్లాసు తుడవటంలో పడింది.

ఆమె పోసిన గ్లాసును చేదుమావయ్య అందుకోబోయాడు. నాన్న చెయ్యి లేచింది. గోడ పక్కనున్న బల్ల వైపు చూపిస్తోంది. బల్ల మీద, పొద్దున్నే ఆయన నోరు కడిగించే తెల్లటి పళ్ళెం ఉంది.

ఉమ్మే తొట్టి కావాలట. ఉమ్మడానికి చోటు లేని మనిషి మింగితే అదేం తీర్పు? మనిషి సగం పడిపోయినా పద్ధతి మాత్రం పడిపోలేదు. ఆమె పళ్ళెం తెచ్చి చేదుమావయ్య ముందు పెట్టింది. పెడుతూ అతని కళ్ళలోకి చూసింది. అతను రెప్ప వేశాడు, గుర్తుందిలే అన్నట్టు.

అతను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత ఒక గుక్క తీసుకున్నాడు.

మొదట అతని బుగ్గలు కదిలాయి. తర్వాత కదలటం మానేశాయి. కళ్ళు ఎటో చూస్తున్నాయి. ఆమెకు వైన్ గురించి ఓనమాలు తెలియవు గానీ, కొత్త అద్దం పెట్టగానే మసకలోంచి అక్షరాలు బయటపడినవాళ్ళ మొహాలు రోజూ చూస్తుంది. సరిగ్గా అలాగే ఉంది అతని మొహం. బాగుంది, అనుకుందామె. అబద్ధం ఆడక్కర్లేదు, నిజంగానే బాగుంది!

నాన్న చేదుమావయ్య గొంతు మీదే చూపు నిలిపాడు. ఆ గొంతుముడి పైకి లేచింది. సగంలో ఆగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. చేదుమావయ్య కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అతను తల వెనక్కి వంచి ఇంకోసారి ప్రయత్నించాడు. గొంతులో ఏదో గుడ్డ కుక్కినట్టు పూడుకుపోయింది. ముప్పై నాలుగేళ్ళు అడ్డంపడ్డది ఇప్పుడు పక్కకు జరగమంటే జరుగుతుందా? ఒక్కసారిగా పొలమారింది. భుజాలు ఎగిరిపడ్డాయి. వంగి, పళ్ళెంలో ఉమ్మేశాడు.

తెల్లటి పళ్ళెంలో ఎర్రగా, అందరికీ కనిపించేలా.

"బావా!" అన్నాడు చేదుమావయ్య, దగ్గుతూనే. "అది కాదు బావా. గొంతు పట్టేసింది. మింగుడు పడలేదంతే. బాగుంది, బావా. అద్భుతం. నా జన్మలో ఇలాంటిది..."

నాన్న అతని వంక జాలిగా చూశాడు. ఆ చూపులో కోపం రవ్వంత కూడా లేదు. జన్మలో కేకు ముక్కను కూడా బాగుందనని మనిషి ఇవాళ అద్భుతం అంటున్నాడు. పొగిడినకొద్దీ అది అబద్ధమే అవుతోంది. ఒక్కో మాటతో తన గొయ్యి తనే తవ్వుకుంటున్నాడు. ఆ సంగతి అతనికీ తెలుస్తోంది. అయినా ఆపుకోలేకపోతున్నాడు.

"ఒట్టు బావా. నాదే తప్పు. ఆ రోజు నాకు జలుబు చేసింది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. రుచి సరిగ్గా అందలేదు. అందలేదని ఒప్పుకోడానికి సిగ్గేసి ఉమ్మేశా. నిజం బావా, నిజం!"

అతను గ్లాసు ఎత్తి మిగిలినదంతా ఒక్క దమ్మున తాగేశాడు. గటగటా మింగిన చప్పుడు వినిపించింది. ఖాళీ గ్లాసు తిరగేసి చూపించాడు, చిన్నపిల్లలు మందు తాగి చూపించినట్టు.

నాన్న చూపుడు వేలు ఎత్తాడు. ఇప్పుడది అవునని చెప్పడం కాదు. ఒకటి. మొదటి గుక్కే లెక్క. అంతే.

"నాన్నా, నేను చూశాను" అంది కూతురు. మంచం పట్టీ పట్టుకుని వంగింది. "ఏడుపొచ్చి మింగలేకపోయాడు నాన్నా. నీమీద ఒట్టు. నాకు వైన్ తెలీకపోవచ్చు, మొహాలు తెలుసు. నమ్ము. నమ్ముతున్నావా?"

రెండు వేళ్ళు లేచాయి. మళ్ళీ ఆ చెయ్యే మెల్లగా వచ్చి ఆమె చెంప మీద ఆగింది. నువ్వు నా కోసమే ఇదంతా చేశావులే, అన్నట్టు ఒకసారి తట్టింది. నిజంగానే చేసింది కదా! నాలుగో అంతస్తుకు ఎక్కి కాళ్ళు పట్టుకుంటానని మరీ ఏర్పాటు చేసింది కదా! ఆ ముద్దాయి మొహంతో ఇంకేం సాక్ష్యం చెప్తుంది? ఇంట్లో ఇప్పుడు మాట పోయినవాళ్ళు ముగ్గురు.

తర్వాత ఆయన జగ్గు చూపించి, వంటింటి వైపు చెయ్యి ఊపాడు.

"వద్దు బావా" అన్నాడు చేదుమావయ్య. "పారబొయ్యకు. నీకు దణ్ణం పెడతా."

చెయ్యి మళ్ళీ వంటింటి వైపే ఊగింది. ఉమ్మేసిన సరుకును గదిలో ఉంచుకోకూడదు. అదీ పద్ధతే.

ఆమె జగ్గు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. దాచేద్దామా అనుకుంది. దాచి ఏం చేస్తుంది? మూత తీసిన ఇలాంటి వైన్ రేపటికి సగం చచ్చిపోతుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. వీపు మంచం వైపు పెట్టి, జగ్గు ఎత్తి ఒక గుక్క తాగింది. తియ్యగా తగిలింది. తర్వాత ఆ తీపి వెళ్ళిపోతుందనుకుంటే వెళ్ళలేదు. మారుతూ, ఇంకొకటవుతూ, మింగేశాక కూడా చాలాసేపు నోట్లో నిలిచే ఉంది. ఆమెకే తెలిసిపోయింది, ఏమీ తెలియని ఆమెకే. వెళ్ళి చెప్పాలనిపించింది. ఏమని చెప్తుంది? ఎవరు నమ్ముతారు? ఆమె మింగుడుకు ఈ ఇంట్లో విలువెంత?

లోపల ఆయన చెవులు రిక్కించి ఉంటాడని తెలుసు. సింకులో పోసింది. ధార పడుతున్నంతసేపూ ఆ చప్పుడు ఇల్లంతా వినిపించింది.

ఖాళీ జగ్గుతో గదిలోకి వచ్చేసరికి చేదుమావయ్య మంచం పక్క కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఉన్నాడు. నాన్న అతని మోచేతిని తట్టి తట్టి తల ఎత్తించాడు. అతను ఎత్తాక, అతని కళ్ళలోకి సూటిగా చూసి, పనిచేసే ఆ ఒక్క చేతినీ కష్టపడి నుదుటి దాకా లేపాడు. ఒంటిచేత్తో దణ్ణం. ముప్పై నాలుగేళ్ళుగా నువ్వు చెప్పిందే నిజం బావా, నేనే మూర్ఖంగా వాదించాను, అని.

చేదుమావయ్య కాదు కాదని తల ఊపుతూనే ఉన్నాడు. నాన్న చెయ్యి మాత్రం దించలేదు. అది వణకడం మొదలుపెట్టాక కూతురే వెళ్ళి ఆ చేతిని పట్టుకుని దుప్పటి మీద పెట్టింది.